పట్టుకు పసుపు వన్నె: పసుపు దుంపా, బంతిపువ్వా, దానిమ్మ తొక్కా?

పట్టుకు మొక్కల రంగుతో పసుపు వన్నె తేదలచినవారికి ముందుగా గుర్తుకు వచ్చేది పసుపు దుంపే; తెలుగులో రంగుకూ దుంపకూ ఒకే పేరు ఉండగా అందులో వింత లేదు. దానిలోని కర్క్యుమిన్ అనే రంగు పదార్థం, రంగును పోగుకు పట్టించే పటిక సాయం లేకుండానే పట్టు పోగుకు అంటుకుంటుంది, బంతికీ దానిమ్మకూ అందనంత మెరిసే వన్నె ఇస్తుంది. అయితే ఆ మెరుపు ఎండకు నిలవదు, క్షారగుణం గల సబ్బు తగిలితే ఎర్రబారుతుంది. వెనిగర్ కలిపిన నీటిలో జాడిస్తే ఎరుపు విరుగుతుంది గాని, ఎండకు వెలిసిన రంగును రప్పించాలంటే మళ్లీ అద్దడమే గతి.

బంతిపువ్వుతో పని ఎక్కువ, ఫలితమూ ఎక్కువ. దాని రేకులలోని ఫ్లేవనాయిడ్లు అనే రంగు పదార్థాలు పటికలోని అల్యూమినియంతో జతకట్టి పోగులో స్థిరపడతాయి. కనుక జిగురు తీసిన 100 గ్రాముల పట్టుకు సుమారు 15 గ్రాముల పటికను వేడినీటిలో కరిగించి, అది గోరువెచ్చగా అయ్యాక పట్టును రాత్రంతా అందులో నానబెట్టి, తరువాత వడకట్టిన పూల కషాయంలోకి మార్చాలి. కషాయాన్ని తెర్లనివ్వకుండా 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచడం మేలు, ఎందుకంటే మరిగే నీటిలో పట్టు తన నిగనిగను కోల్పోతుంది. ఇలా వచ్చే బంగారు వన్నె ఎప్పటికీ చెదరదని అనలేము గాని, దుంప రంగుకంటే చాలా కాలం నిలుస్తుంది.

దానిమ్మ తొక్కలో టానిన్లు అనే వగరు పదార్థాలు మెండు. రంగు గట్టిగానే పడుతుంది, కానీ అది కాస్త మట్టి కలిసినట్టుండే పసుపు. పట్టు మెరుపును చూపించుకోవాలనుకునేవారికి ఇది రుచించకపోవచ్చు. చిటికెడు అన్నభేది (ఇనుప లవణం) చేరిస్తే అదే రంగు ముదురు బూడిదవన్నెకు తిరుగుతుంది, మోతాదు మించితే ఇనుము పోగునే బలహీనపరుస్తుంది.

తరచు కట్టే బట్టకు నేను బంతిపువ్వునే ఎంచుకుంటాను. ఆకుపచ్చ కావాలన్నప్పుడు ఈ ఎంపిక మరింత ముఖ్యమవుతుంది: నీలిమందు అద్దిన పట్టుపై పసుపు వన్నె వేసి ఆకుపచ్చను రాబడతారు గనుక, పై రంగు దుంపదైతే అది వెలిసిన కొద్దీ అడుగున ఉన్న నీలం బయటపడి, ఆకుపచ్చ చీర క్రమంగా నీలి చీరగా మారిపోతుంది.