సెస్నా 172కి మెయింటెనెన్స్ షాపులు: చాలా ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

చిన్న విమానాల మీద సమీక్షలు బోలెడు దొరుకుతాయి. ఇది విమానం మీద కాదు, దాన్ని బాగుచేసే వాళ్ల మీద. మాది 1975 మోడల్ సెస్నా 172ఎం, 150 హార్స్‌పవర్ లైకోమింగ్ ఓ-320 ఇంజన్. డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న ఎయిర్‌పోర్టులో ఉంటుంది. నేనూ, నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక స్నేహితుడూ చెరి సగం పెట్టి కొన్నాం. అప్పట్నుంచి పెద్ద షాపు, ఒక్కడే నడుపుకునే హ్యాంగర్ (విమానాల షెడ్డు), మన దగ్గరికే వచ్చి చేసిపెట్టే మెకానిక్, రేడియోల షాపు అన్నీ చూశాం, అందరికీ డబ్బులు కట్టాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. బిల్లు చూసి గానీ, నేల తళతళలాడే హ్యాంగర్ చూసి గానీ షాపుని ఎంచుకోకండి. స్పానర్ పట్టుకునే ముందు ఏం చేస్తారో చూడండి. లోపం ఎక్కడుందో తేల్చుకుని, మనల్ని అడిగి విప్పేవాళ్లు కొందరు. విప్పేశాక ఫోన్ చేసేవాళ్లు కొందరు. రెండో రకం వాళ్లు ఎంత మంచి మనుషులైనా నా విమానం ఇవ్వను.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో మాలాంటి సొంత విమానానికి 12 నెలలకోసారి యాన్యువల్ తనిఖీ జరగాల్సిందే. ఇక్కడ విమాన మెకానిక్‌ని ఏ అండ్ పీ అంటారు. యాన్యువల్ మీద సంతకం పెట్టాలంటే ఆయనకు దానిపైన ఐఏ అనే అనుమతి కూడా ఉండాలి. తాళాలు షాపుకిచ్చేస్తే మన బాధ్యత తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. విమానాన్ని ఎగరడానికి తగిన స్థితిలో ఉంచే ప్రధాన బాధ్యత ఓనరు లేదా ఆపరేటరుదేనని ఎఫ్‌ఏఏ (ఇక్కడి విమానయాన శాఖ) రూల్ 91.403 అంటుంది. బాధ్యత మనదైతే ఏ రిపేరు చేయించాలో, ఎవరి చేత చేయించాలో తేల్చుకునే హక్కూ మనదే. ఈ సంగతి షాపులు వాళ్లంతట వాళ్లు చెప్పవు.

కొన్న కొత్తలో యాన్యువల్‌కి పెద్ద షాపుకే వెళ్లాం. రిసెప్షన్, కాఫీ మెషిన్, ఈమెయిల్లో ఫొటోలతో రిపోర్టు, అంతా బాగుంది. ఒకరోజు ఫోన్ వచ్చింది. మూడో సిలిండర్ కంప్రెషన్ 80కి 62 వచ్చిందట, సిలిండర్ తీసి బాగుచేయాలట. మా పార్ట్‌నర్ వెంటనే, "అన్నా, వాళ్లకి తెలియదా, చేయమందాం" అన్నాడు. నేను వాళ్లను రెండు ప్రశ్నలు అడిగాను. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు చూశారా? గాలి ఎటు పోతోంది? రెండింటికీ జవాబు లేదు. విమానం వాళ్ల దగ్గర వారం పైన కదలకుండా నిలబడి ఉంది. చల్లటి ఇంజన్ మీదే పరీక్ష చేశారు.

ఆ పరీక్ష పెద్ద బ్రహ్మవిద్య కాదు. సిలిండర్‌లోకి 80 పీఎస్ఐ ఒత్తిడితో గాలి పంపి లోపల ఎంత నిలుస్తుందో చూస్తారు. 70 దాటితే బాగున్నట్టు. 60 కంటే దిగితే సిలిండర్ తీసే ఆలోచన చేయాలి. మధ్యలో ఉంటే ఇంజన్ తిప్పి మళ్లీ చూడాలి. చెవి పెట్టి వింటే గాలి ఎటు పోతోందో కూడా తెలుస్తుంది. సైలెన్సర్ గొట్టంలో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే గొట్టంలో వినిపిస్తే పిస్టన్ రింగులు. ఇక స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి బోర్‌స్కోప్ కెమెరా పెడితే వాల్వ్ ముఖమే కనిపిస్తుంది. వాల్వ్ కాలడం మొదలైతే దాని మీద రంగు వలయం ఒకవైపుకి ఒరిగిపోతుంది. అది సమానంగా గుండ్రంగా ఉంటే కంగారు పడనక్కర్లేదు.

సిలిండర్ తీయడం మాత్రం చిన్న పని కాదు. దాన్ని పట్టి ఉంచే పొడవాటి బోల్టులే ఇంజన్ రెండు సగాలనూ కలిపి బిగించేవి. అవి వదులైనప్పుడు ఎవరైనా ప్రొపెల్లర్ తిప్పితే లోపల మెయిన్ బేరింగ్ కదిలే ప్రమాదం ఉంది. తిరిగి బిగించేటప్పుడు టార్క్ (బిగింపు బలం) సరిపోకపోతే సిలిండర్ గాల్లో ఊడిన సందర్భాలూ ఉన్నాయి.

అందుకని షాపుకి ఒకటే చెప్పాం. తనిఖీ పూర్తిచేయండి, మీకు కనిపించిన లోపాలు రాసి సంతకం పెట్టి ఇవ్వండి, రిపేరు సంగతి మేం చూసుకుంటాం. విమానం ఎయిర్‌వర్తీ (ఎగరడానికి తగినది) కాదని తేలితే అలాంటి జాబితా ఓనరుకి ఇచ్చి తీరాలని 43.11 రూల్ ఉంది. పెద్ద రిపేరు కాకపోతే ఆ లోపాలు తర్వాత ఏ అండ్ పీ ఎవరైనా సరిచేసి సంతకం పెట్టొచ్చు, ఐఏ అక్కర్లేదు. మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు గానీ ఇచ్చాడు. ఇంటింటికీ తిరిగి పనిచేసే ఒక కుర్ర మెకానిక్‌ని పిలిచాం. కారు డిక్కీలో సామానేసుకుని వచ్చాడు. ఇంజన్ వేడెక్కేదాకా నడిపి, కౌలింగ్ (ఇంజన్ మీది మూత) తీసి, వేడి మీదే మళ్లీ చూశాడు. 74. బోర్‌స్కోప్‌లో వాల్వ్ శుభ్రంగా ఉంది. లాగ్‌బుక్‌లో (విమానం రిపేర్ల రికార్డు పుస్తకంలో) మూడు లైన్లు రాసి, రెండు గంటల కూలీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సిలిండర్ ఇప్పటికీ అదే.

రిపేరు ఎక్కువైతే విమానం బాగుపడుతుందన్న గ్యారంటీ లేదు. దీనికి పాత ఉదాహరణే ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాయుసేన కోస్టల్ కమాండ్ విమానాల లెక్కలు చూసిన సి. హెచ్. వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త, 50 గంటల తనిఖీ అయిన వెంటనే లోపాలు తగ్గాల్సింది పోయి పెరుగుతున్నాయని గమనించాడు. ఆడుతున్న దాన్ని విప్పి బిగించడంలోనే కొత్త లోపాలు వస్తున్నాయన్నమాట. మాకు కూడా ఒకసారి యాన్యువల్ అయి వచ్చాక కౌలింగ్ తీసి చూస్తే, ఒక ఇగ్నిషన్ వైరు నట్టు వేళ్లతో తిప్పితేనే తిరిగింది. అప్పట్నుంచి షాపు నుంచి వచ్చిన విమానాన్ని మొదటిసారి పగటిపూట, ఒక్కరమే, ఎయిర్‌పోర్టు పైనే చక్కర్లు కొట్టి చూస్తాం. ఇంట్లోవాళ్లను ఆ రోజు ఎక్కించుకోం.

ఇప్పుడు మా యాన్యువల్ చేసేది ఒక పెద్దాయన. సొంత హ్యాంగర్, ఒక కుక్క, గోడనిండా పాత క్యాలెండర్లు. ఈయన దగ్గర ఓనరు కూడా చేయి కలపాలి. సీట్లు, కార్పెట్, రెక్కల కింది తనిఖీ మూతలు మేమే విప్పుతాం, చక్రాల బేరింగులు కడిగి గ్రీజు పెడతాం. ఆయన చూస్తాడు. చూడటమంటే నిజంగా చూడటం. సెస్నా సీటు పట్టాల మీద 2011లో వచ్చిన ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్ (ఎఫ్‌ఏఏ తప్పనిసరి ఆదేశం) ఒకటుంది. సీటుని ఆపే పిన్ను దిగే రంధ్రాలు అరిగితే, టేకాఫ్‌లో ముక్కు లేచేసరికి సీటు వెనక్కి జారిపోతుంది. పైలట్ చేతిలో ఉన్న యోక్‌ని (స్టీరింగు లాంటిది) పట్టుకునే వెనక్కి పోతాడు, ముక్కు ఇంకా పైకి లేచిపోతుంది. ప్రాణాలు పోయాయి అలా. పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటు నోట్లో పెట్టుకుని ఒక్కో రంధ్రం కొలుస్తాడు. పెద్ద షాపు వాళ్లు కూడా కొలిచే ఉంటారు. రిపోర్టులో టిక్కు ఉంది. నేను చూడలేదు, అంతే.

ఇంకో సంగతి. ల్యాండింగ్‌లో ముక్కు చక్రం దడదడా ఊగడం 172లకు మామూలు జబ్బు. వేరే షాపులో ఆ ఊపుని ఆపే షిమ్మీ డ్యాంపర్ మార్చి, స్ట్రట్ (చక్రాన్ని మోసే కాలు) మొత్తం ఓవర్‌హాల్ చేయాలని ఎస్టిమేట్ ఇచ్చారు. పెద్దాయన తోకని కిందికి నొక్కించి, గాల్లోకి లేచిన చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. "ఇక్కడ వేలు పెట్టి చూడండి" అన్నాడు. చక్రాన్ని తిన్నగా పట్టి ఉంచే టార్క్ లింకుల కీలు దగ్గర వదులు ఉంది, వేలికి టిక్కుటిక్కుమని తగులుతోంది. షిమ్ములు అనే పల్చటి రేకులు వేసి, టైరు బ్యాలెన్స్ చేశాడు. ఊగడం ఆగిపోయింది.

ఆయనలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. చేతిరాత ఆయనకే అర్థం కావాలి. ఫోన్ ఎత్తడు. నవంబర్ వచ్చిందంటే జింకల వేటకు పోతాడు, అప్పుడు విమానం విప్పదీసి ఉందంటే అలాగే ఉంటుంది. కోవిడ్ తర్వాత సామాను దొరకడం ఎలాగూ ఆలస్యమే. సిలిండర్ లాంటిది కావాలంటే నెలలు ఆగాల్సి రావచ్చు. అర్జెంటుగా తిరగాల్సిన పనులున్న వాళ్లకు ఈయన పనికిరాడు, వాళ్లకు పెద్ద షాపే మేలు.

రేడియోల షాపు గురించి చెప్పేదేమంత లేదు. రాడార్‌కి మన జాడ చెప్పే ట్రాన్స్‌పాండర్ పరీక్ష 24 నెలలకోసారి, ఐఎఫ్ఆర్ (బయట కనబడకపోయినా పరికరాలు చూసుకుంటూ) ఎగిరితే ఎత్తు చూపే ఆల్టిమీటర్ పరీక్ష కూడా అంతే. ఖరీదు ఎక్కువ, అపాయింట్‌మెంట్ దూరం, పని శుభ్రం.

డబ్బు సంగతి. మా వైపు గంటకూలీ 120 డాలర్ల చుట్టూ ఉంది. యాన్యువల్‌కి చెప్పే ఫ్లాట్ రేటు తనిఖీకి మాత్రమే, బిల్లు పెరిగేదంతా రిపేర్ల దగ్గరే. అందుకే పని ఒప్పజెప్పేటప్పుడు "ముందు తనిఖీ మాత్రమే, మమ్మల్ని అడక్కుండా ఏ రిపేరూ వద్దు" అని ఈమెయిల్లో రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకుంటాం. మంచి షాపులు దీనికి ఏమీ అనుకోవు. అసలు లాగ్‌బుక్కులు ఎవరికీ వదిలేయం, స్కాన్ కాపీలిస్తాం. అవి పోతే విమానం విలువే పడిపోతుంది. పైగా బిల్లు మీద గొడవొస్తే పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయో వాళ్లదే పైచేయి.

పైలట్ లైసెన్సున్న ఓనరు చట్టప్రకారం సొంతంగా చేసుకోగలిగిన పనులు కూడా చాలానే ఉన్నాయి. ఆయిల్, టైర్లు, బ్యాటరీ, స్పార్క్ ప్లగ్గులు. ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టర్ కోసి, మడతలు విప్పి, లోహపు తునకలున్నాయేమో చూస్తాం. ఆయిల్ శాంపిల్ ఇండియానాలోని బ్లాక్‌స్టోన్ ల్యాబ్‌కి పంపుతాం. కింది వరస ప్లగ్గులు విప్పితే ఆవగింజలంత సీసం గుండ్లు రాలతాయి, మేం వాడే 100ఎల్ఎల్ పెట్రోల్లో సీసం ఉంటుంది కాబట్టి. ఈ పనులు చేతికొచ్చాక షాపువాడు చెప్పేదాంట్లో ఏది నిజమో, ఏది భయపెట్టడమో తేడా తెలుస్తోంది.

గుంటూరు నుంచి వచ్చిన మా మావయ్య హ్యాంగర్‌లో రెక్క మీద చేయి వేసి, "ఒరేయ్, యాభై ఏళ్ల బస్సు ఎక్కుతామా మనం?" అన్నాడు. ఏటేటా విప్పి చూస్తారు మావయ్యా అన్నాను. ఆయన ఎక్కలేదు, ఫొటో దిగి ఊరుకున్నాడు.

ఇప్పుడు మా టెన్షన్ వేరే. ఐఏ అనుమతులు బేసి సంవత్సరాల్లో మార్చి 31తో ముగుస్తాయి. పెద్దాయన ఈసారి రెన్యూ చేసుకుంటానో లేదో అంటున్నాడు. వేడి ఇంజన్ మీద కంప్రెషన్ చూసిన ఆ కుర్ర మెకానిక్ ఐఏ పరీక్షకు చదువుతున్నాడు. వచ్చే యాన్యువల్‌కి ఇద్దరినీ పిలిచాం. సంతకం పెద్దాయనది, చేతులు కుర్రాడివి. గంటల లెక్క ఇద్దరికీ విడివిడిగా కడతామని ఒప్పుకున్నాం.