గిరిరాజా, స్వర్ణధార కోళ్లు: బెంగళూరు చలిలో రెండేళ్లు పెంచాక నా రివ్యూ

మాది హిందూపురం, యెలహంక దాటాక ఇల్లు కట్టుకున్నాం, పెరట్లో కాస్త జాగా ఉందని కోళ్లు మొదలుపెట్టాం. బెంగళూరులో చలేంటి అంటారు గానీ జనవరిలో తెల్లవారుజామున 14 డిగ్రీలకి పడిపోతుంది, పైగా తేమ. పెద్ద కోళ్లకి ఏం కాదు, పిల్లలకే ప్రాణం మీదకొస్తుంది.

మొదటిసారి సంతలో 20 పిల్లల్ని తెచ్చా, గిరిరాజానే అని ఇచ్చాడు, ఏ టీకా వేశారంటే జవాబు లేదు. నాలుగో రాత్రి మూడింటికి లేచి చూస్తే వెచ్చదనానికి పెట్టిన బల్బు మాడిపోయి పిల్లలన్నీ మూలకి చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కేసున్నాయి, అడుగున ఉన్న ఏడు అప్పటికే చల్లబడిపోయాయి. ఆ పొద్దున మా అమ్మ పొయ్యి కూడా వెలిగించలేదు. అందుకే చెప్తున్నా, రెండు బల్బులు పెట్టండి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. మొదటి వారం 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. పిల్లలు బల్బు కిందే గుంపు కడితే చలి, గోడలకి పారిపోతే వేడి ఎక్కువైనట్టు, థర్మామీటర్ కన్నా అదే నమ్మకం.

రెండోసారి హేచరీలోనే కొన్నా, మారెక్స్ (కోళ్లకి కాళ్లు, రెక్కలు చచ్చుబడే జబ్బు) టీకా వేశాకే ఇచ్చారు. గిరిరాజా మన బెంగళూరు వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు 1989లో తెచ్చిన రకం, స్వర్ణధార హెబ్బాళ వెటర్నరీ కాలేజీ వాళ్లదే, 2005లో వచ్చింది. గిరిరాజా బరువుగా, ఒత్తుగా ఈకలతో ఉంటుంది, చలికి అస్సలు జంకదు, ఏడాదికి 130-150 గుడ్లు. గుడ్లే ముఖ్యమైతే స్వర్ణధార తీసుకోండి, 180 దాకా పెడుతుంది. రెండూ పొదగవు, మా ఇంట్లో ఒక్కటి కూడా గుడ్ల మీద కూర్చోలేదు, పిల్లలు కావాలంటే పక్కన ఒక నాటు పెట్ట ఉండాల్సిందే.

మా అక్కావాళ్లు కెనడాలో ఎడ్మంటన్‌లో ఉంటారు, వాళ్లకి మైనస్ 30. ఇవే రకాలు అడిగింది, వద్దే అక్కా అన్నా. అంత చలిలో ముందు చూడాల్సింది తురాయి, ఎత్తుగా నిలబడే పెద్ద తురాయి ఉంటే కొసలు గడ్డకట్టి నల్లబడి రాలిపోతాయి, లెగ్‌హార్న్ పుంజులకి అదే బాధ. తలకి అతుక్కున్నట్టుండే చిన్న తురాయి రకాలు నయం, షాంటెక్లేర్ అయితే ఆ దేశంలోనే ఆ చలి కోసమే తయారుచేసిన కోడి, వయన్‌డాట్, బ్రహ్మా కూడా బావుంటాయి. చలి అని గూడు మొత్తం మూసెయ్యకూడదు అని కూడా చెప్పా, రెట్ట తేమ, ఊపిరి తేమ లోపలే ఉండిపోతే ఆ తడే తురాయిని తినేస్తుంది, పైన గాలి పోయే సందు ఉండాలి, కోళ్ల మీదకి మాత్రం గాలి కొట్టకూడదు.

మాక్కూడా అదే పనికొచ్చింది. వరి ఊక నాలుగు అంగుళాలు పరిచి, తడిసిన చోట వెంటనే తీసేస్తున్నా, గురక రోగం (ఊపిరి తీస్తే గురగురమనే జబ్బు) రాలేదు.

గిరిరాజాకి 5కి 4, స్వర్ణధారకి నాలుగున్నర. వచ్చే బ్యాచ్ మాత్రం డిసెంబర్‌లో కాదు, ఫిబ్రవరి చివర్లో దించుతున్నా, ఈసారి పది స్వర్ణధార, ఒక్క గిరిరాజా పుంజు.