యోక్ మార్చాలా, అవుట్‌పుట్ షాఫ్ట్ మార్చాలా: ఏది మేలు?

ట్రక్కుకు వేరే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేర్ పెట్టె) బిగించాక ప్రొపెల్లర్ షాఫ్ట్ యోక్ (ఆ షాఫ్ట్ చివర ఉండే రెండు చెవుల ముక్క) కేసు అవుట్‌పుట్ షాఫ్ట్‌కు ఎక్కకపోతే పెద్ద టెన్షన్ అక్కర్లేదు. ఎక్కి, చేత్తో అటూ ఇటూ తిప్పితే ఆడుతుంటేనే భయపడాలి. లోడు పడే కొద్దీ యోక్‌కూ, షాఫ్ట్‌కూ ఉన్న పళ్లు (స్ప్లైన్లు) అరిగి, చివరికి జారిపోతాయి.

ముందు ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టి రెండువైపులా స్ప్లైన్లు లెక్కపెట్టండి. రెండూ 32 వచ్చినా సరిపోయినట్టు కాదు. వ్యాసం, పంటి ఆకారం, స్ప్లైన్ పొడవు కూడా కలవాలి.

చాలావరకు నా ఓటు యోక్ మార్చడానికే. కేసు విప్పక్కర్లేదు, ఖర్చూ తక్కువ. స్ప్లైన్లు అవుట్‌పుట్ షాఫ్ట్‌కీ, చెవులు పాత క్రాస్‌కీ (రెండు యోక్‌లను కలిపే ప్లస్ ఆకారపు కీలు) సరిపోయే యోక్ వెతకాలి. రెండూ ఒకేదాంట్లో దొరక్కపోతే స్ప్లైన్ల వైపే మొగ్గండి. క్రాస్ తేడాకు కాంబినేషన్ క్రాస్ (రెండు వేర్వేరు సైజులను కలిపేది) ఉంది, స్ప్లైన్ల తేడాకు అలాంటి మధ్యేమార్గం లేదు. కాకపోతే క్రాస్ కొలతల్లో కన్ను మోసపోతుంది: 1310, 1330 సిరీస్‌ల (క్రాస్ సైజుల) కప్పులు, అంటే చివర్ల బేరింగ్ మూతల వ్యాసం, రెండూ 1.062 అంగుళాలే, వెడల్పు మాత్రం 3.219, 3.625. 1350 వెడల్పు 1330 అంతే, కప్పు 1.188. అందుకే రెండు కొలతలూ తీసుకోవాలి. స్లిప్ యోక్ (షాఫ్ట్‌పై ముందుకూ వెనక్కీ జారేది) అయితే దాని గొట్టం ఆయిల్ సీల్‌లో, బుష్‌లో తిరుగుతుంది కాబట్టి బయటి వ్యాసం కూడా చూడాలి.

అవుట్‌పుట్ షాఫ్ట్ మార్చాలంటే కేసు విప్పాలి. దాని పళ్లే అరిగిపోయి ఉంటే తప్పదు. స్లిప్ యోక్ తీసేసి ఫిక్స్‌డ్ యోక్ (నట్‌తో కదలకుండా బిగించేది) పెట్టాలనుకున్నా ఇదే దారి. ఎత్తు పెంచిన, వీల్‌బేస్ తక్కువున్న బండికి అది నిజంగా లాభం: ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు పెరిగి క్రాస్‌ల కోణం తగ్గుతుంది, షాఫ్ట్ ఊడదీస్తే ఆయిల్ కారదు. కానీ ప్రొపెల్లర్ షాఫ్ట్ కొత్తగా చేయించి బ్యాలెన్సింగ్ చేయించాలి. కేవలం యోక్ ఎక్కలేదని ఇంత పని పెట్టుకోవడం దండగ.

ఇక పళ్లు గ్రైండ్ చేయడం, యోక్‌ను షాఫ్ట్‌కు వెల్డింగ్ చేయడం అసలు లెక్కలోకే రావు. వేడికి షాఫ్ట్ గట్టిదనం పోతుంది, సీల్ కాలిపోతుంది.

ఫిక్స్‌డ్ యోక్ బిగించేటప్పుడు స్ప్లైన్లకు పలచగా సీలెంట్ రాసి, కొత్త నట్ వేసి, మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు బిగించండి.