మాటలు తిరిగి చెప్పే కాక్టస్ బొమ్మ: చిన్నపిల్లలకు కొనాల్నా వద్దా?

కుండీల పెట్టిన ముళ్ల మొక్క లెక్క ఉండే బొమ్మ ఇది: పచ్చటి గుడ్డ తొడుగు, నెత్తి మీద చిన్న టోపీ, కింద కుండీ. ఒక బటన్ నొక్కితే పాట పాడుకుంట అటిటు ఊగుతది, ఇంకో బటన్ నొక్కితే మనం ఏమంటే అదే మాట సన్నటి గొంతుతోని తిరిగి అంటది. హనుమకొండ చౌరస్తా, వరంగల్ స్టేషన్ రోడ్, ఎక్కడ బొమ్మల దుకాణం చూసినా ముందట ఇదే ఊగుతున్నది, ఆన్‌లైన్ల కూడ మస్తు దొరుకుతది. మా చిన్నదానికి ఏడాదిన్నర, దానికోసం తీసుకున్నం. "దీంతోని పిల్లలకు మాటలు జల్ది వస్తయట గద" అని తెలిసినోళ్లు చాలామంది అడుగుతున్నరు కాబట్టి జర వివరంగ రాస్తున్న.

ముందు వస్తువు సంగతి. మాది చార్జింగ్ వైరుది, సెల్లులు వేసేవి కూడ ఉంటయి. సెల్లులది తీసుకుంటే మూతకు స్క్రూ ఉందా లేదా తప్పకుంట చూడుండ్రి, చేతితోని ఊడొచ్చే మూత అయితే అస్సలు తీసుకోవద్దు. సౌండు తగ్గించే బటన్ లేదు, ఇది పెద్ద లోపం, పసిపిల్లల చెవి దగ్గర పెట్టే వస్తువుకు ఇంత సౌండు ఎందుకో అర్థం కాదు, మేము స్పీకర్ రంధ్రాల మీద టేపు అంటించినం. గుడ్డ ఊడదు, ఉతకరాదు, మా పాప ఆ టోపీని నోట్ల పెట్టుకుంటది కాబట్టి రోజూ తడిబట్టతోని తుడుస్తున్నం. ఇంకోటి, మైకుకు మన గొంతే కావాలని లేదు, కుక్కర్ విజిల్, మిక్సీ, టీవీ సీరియల్ల ఏడుపులు, ఏది వినపడితే అది తిరిగి అంటది. రాత్రి స్విచ్ ఆఫ్ చెయ్యకపోతే బయట కుక్క మొరిగినా ఇది ఇంట్ల మొరుగుతది. కుట్లు మాత్రం గట్టిగున్నయి, ఎన్నిసార్లు కింద పడ్డా ఇప్పటిదాక ఏం కాలే.

ఇగ అసలు మాట. డబ్బా మీద ఇది పిల్లలకు మాటలు నేర్పుతదని రాసి అమ్ముతున్నరు, నా అభ్యంతరమంతా అక్కడనే.

పిల్లలకు ఇది ఎందుకంత ఇష్టమో చూస్తే తెలుస్తది. మా చిన్నది "ఆఁ" అంటది, ఆగుతది, కండ్లు పెద్దగ చేసి చూస్తది, అది "ఆఁ" అంటది, మళ్ల "బూ" అంటది, అది "బూ" అంటది, ఇగ నవ్వుడే నవ్వుడు. ఇది ఉత్త సరదా అనుకోవద్దు. ఆండ్రూ మెల్ట్‌జాఫ్ అని అమెరికా సైకాలజిస్టు 14 నెలల పిల్లల ముందట ఇద్దరు పెద్దోళ్లను కూసోబెట్టి చూసిండు. ఒకరు ఆ పిల్ల ఏం చేస్తే అదే చేస్తరు, ఇంకొకరు కూడ ఆడుతరు గానీ వేరే పిల్ల చేసిన పనులు చేస్తరు. పిల్లలు తమను కాపీ చేసేటోళ్లనే ఎక్కువసేపు చూసిండ్రు, ఎక్కువ నవ్విండ్రు, పైగ చేస్తున్న పని ఉన్నట్టుండి మార్చి "ఇప్పుడు కూడ చేస్తడా" అని పరీక్ష కూడ పెట్టిండ్రు. అంటే "వీళ్లు నన్ను పట్టించుకుంటున్నరు, నేను చేస్తే అవతల ఏదో జరుగుతున్నది" అని పిల్లలకు ఆ వయసులనే తెలుస్తదన్నట్టు. కాక్టస్ ఆ ఒక్క తీగను బాగ మీటుతది, కాబట్టి పాప నవ్వు చూసి కొనేటోళ్లను నేను తప్పు పట్ట.

గానీ చూడుండ్రి, మా పాప పువ్వును చూపిచ్చి "బూ" అంటది. కాక్టస్ కూడ "బూ" అనే అంటది, అంతే, అక్కడికి అయిపాయె. అదే మా అత్తమ్మ అయితే "ఆఁ బిడ్డా, పువ్వు! ఏం పువ్వది, బంతిపువ్వా?" అంటది. పాప మాటనే పట్టుకున్నది, దాన్ని సరిచేసింది, ఇంకొక మాట కలిపింది, పైగ పువ్వును చేతికిచ్చింది. పిల్లలు నేర్చుకునేది ఈ కలిపిన ముక్క నుంచి. తన తప్పు తనకే తిరిగొస్తే పిల్ల అందుట్ల నుంచి ఏం అందుకుంటది? పైగ బొమ్మకు నోరు కుట్టి ఉంటది, కదలదు. ఎనిమిది నెలలకు వచ్చేసరికి పిల్లలు మాట్లాడేటోళ్ల కండ్ల కంటే నోటినే ఎక్కువ చూస్తరు, పెదవులు ఎట్ల కలుస్తున్నయో చూసి పట్టుకుంటరు. "ప" అనాలంటే పెదవులు మూసి తెరవాలె అని ఈ కుట్టిన నోటిని చూస్తే ఎట్ల తెలుస్తది?

టీవీ, ఫోను సంగతి కూడ ఇంతే. 2003ల పాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి టీం సియాటిల్ దిక్కు 9 నెలల అమెరికా పిల్లలకు చైనా మాండరిన్ వినిపిచ్చిండ్రు, మొత్తం 12 సార్లు. మనిషి ఎదురుంగ కూసోని పుస్తకాలు చూపిచ్చుకుంట ఆడిచ్చుకుంట మాట్లాడితే పిల్లలు ఆ భాష శబ్దాల తేడా పట్టుకున్నరు, అదే మనుషులు అదే విధంగ వీడియోల మాట్లాడితే ఏం పట్టుకోలే. మాటలు అవే, మనిషి ఎదురుంగ లేడు, అంతే తేడా.

ఇంకొకటి చెప్పాలె, ఎందుకంటే ఇది మా ఇంట్ల రోజూ చూస్తున్న. అత్తమ్మ చాయ్ వడపోసినంక జాలిని గిన్నె అంచుకు టక్ టక్ అని రెండుసార్లు కొడుతది. మా చిన్నది ఉత్త స్టీలు గ్లాసు మీద ప్లాస్టిక్ జాలి పట్టుకోని, వంచి, టక్ టక్ అని రెండుసార్లే కొడుతది. చాయ్ లేదు, ఆకు లేదు, కొట్టుడు మాత్రం ఉన్నది! ఎందుకు కొట్టాల్నో దానికి తెల్వది, నాయనమ్మ కొట్టింది కాబట్టి కొట్టాలె. దీని మీద 2005ల విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక డబ్బాల నుంచి తినేదాన్ని తీసే పద్ధతి చిన్నపిల్లలకు, చింపాంజీలకు చూపిచ్చిండ్రు, అందుట్ల పనికిరాని పనులు కూడ కావాల్నని కలిపిండ్రు. డబ్బా లోపల ఏముందో కనపడకపోతే ఇద్దరూ అన్నీ చేసిండ్రు. అద్దం లెక్క కనపడే డబ్బా ఇస్తే చింపాంజీలు పనికిరానివి వదిలేసి సీదా తినేదాన్ని తీసుకున్నయి, మన పిల్లలు మాత్రం పనికిరానిది కూడ చేసినంకనే తీసిండ్రు.

ఇది తెలివి తక్కువతనం కాదు, నాకైతే ఇదే మనిషి బలం అనిపిస్తది. ఏ పని ఎందుకు చేస్తున్నరో తెల్వనప్పుడు మొత్తం పట్టుకునుడే మంచిది, కారణం తర్వాత తెలుస్తది. మా వరంగల్ కొత్తవాడల దర్రీలు, అంటే జంపఖానాలు, నేసే ఇండ్లల్ల పిల్లలు మగ్గం పక్కన కూసోనే చెయ్యి తిప్పుడు నేర్చుకున్నరు, ఎవరూ పుస్తకం ఇయ్యలే.

అట్లని పిల్లలు గుడ్డిగ కాపీ కొడుతరని కూడ కాదు. 2002ల హంగేరీ పరిశోధకులు, గెర్గెలీ వాళ్లు, 14 నెలల పిల్లల ముందట ఒకామెతోని తలతోని లైటు నొక్కిచ్చిండ్రు. ఆమె చేతులు ఖాళీగ ఉండి కూడ తలతోని నొక్కితే 69 శాతం పిల్లలు తలతోనే నొక్కిండ్రు, ఆమె చలికి దుప్పటి పట్టుకోని చేతులు ఖాళీ లేకపోతే 21 శాతమే తల వాడిండ్రు, మిగిలినోళ్లు చేతితోనే నొక్కిండ్రు. ఏడాది దాటినోళ్లు అవతలోళ్ల అవసరం ఏందో కూడ చూస్తున్నరు! బొమ్మకు అవసరమే లేదు, చెయ్యాలన్న పనే లేదు, ఇగ దాంట్ల చూసేదేముంటది.

పోయిన ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఇది ఇంకా బాగ కనపడ్డది. అంతమంది ఆడోళ్లు తిరుగుతుంటే మా చిన్నది పెద్దోళ్లను చూడలే, పక్కన ఆరేడేండ్ల పిల్ల ఒకతి వంగి చప్పట్లు కొడుతుంటే దాన్నే చూసుకుంట వంగింది, చప్పట్లు సగం దెబ్బ ఆలస్యంగ పడుతున్నయి, కాలు ఎటుపడితే అటు పోతున్నది, గానీ అందరూ వంగినప్పుడు వంగింది, లేచినప్పుడు లేచింది. ఆ పెద్దపిల్ల ఇది చూసి ఇంకా మెల్లగ, ఇంకా పెద్దగ చేసి చూపిచ్చుడు షురూ చేసింది. ఎవరూ చెప్పలే దానికి. ఈ వరుసల కలిసే ఆశ మాటలు నేర్చుకునుడు కన్నా తక్కువది కాదు, నలుగుట్ల ఒకతిగ అయ్యేది అట్లనే.

కాక్టస్ వల్ల మంచి ఒకటి జరిగింది, అది కూడ చెప్త. ఇంట్ల ఎవరన్న ఫోన్ల గట్టిగ అరిస్తే ఇది అవే మాటలు సన్నటి గొంతుతోని తిరిగి అంటుంటే అందరూ చప్పున ఊకుంటున్నరు. పిల్ల కూడ ఇట్లనే పడుతదని పెద్దోళ్లకు అర్థమైతున్నది. 1961ల సైకాలజిస్టు ఆల్బర్ట్ బందూరా వాళ్లు అమెరికాల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల 72 మంది చిన్నపిల్లలతోని చేసిన ప్రయోగం చాలామందికి తెలిసిందే, పెద్దమనిషి గాలిబొమ్మను సుత్తెతోని కొట్టుకుంట తిట్టుడు చూసిన పిల్లలు తర్వాత అదే దెబ్బ, అవే మాటలు పట్టిండ్రు. ఎవరూ "ఇట్ల కొట్టు" అని చెప్పలే.

కాబట్టి నా లెక్క ఇది. ఆడుకునే బొమ్మగ అయిదుకు మూడు, సౌండు తగ్గించే బటన్ ఉంటే మూడున్నర ఇద్దును. మాటలు నేర్పే బొమ్మగ అయితే ఒకటి, అది కూడ పెద్దోళ్లు పక్కన కూసుంటేనే. మేమిప్పుడు ఎట్ల వాడుతున్నమంటే, పాప ఒకటంటది, బొమ్మ అదే అంటది, వెంటనే మా ఇంట్లోళ్లల్ల ఎవరో ఒకరు ఆ మాటకు ఇంకో ముక్క కలిపి బొమ్మ ముందట అంటం, అప్పుడు పాప మా దిక్కు తిరుగుతది. వంట చేసేటప్పుడు పాపను బొమ్మ ముందట వదిలిపెట్టుడు బంద్ చేసినం, వంటింట్లనే కింద కూసోబెట్టి రెండు గిన్నెలు, ఒక జాలి ఇస్తున్నం, ఎక్కువసేపు ఆడుకుంటున్నది కూడ.

ఏడాది లోపు పిల్లలకైతే వద్దు, ఊగుడు, సౌండు చూసి కొందరు భయపడి ఏడుస్తరు. కొనాలనుకునేటోళ్లు దుకాణంలనే ఆన్ చేపిచ్చి సౌండు వినుండ్రి, పాటలన్నీ ఒకసారి తిప్పి చూడుండ్రి, మనకు తెల్వని భాషల పాటలు కూడ ఉంటయి, బిల్లు తీసుకోండ్రి.