ప్రభుత్వ భవనంలో తుపాకీ: బోర్డు మేలా, తనిఖీ మేలా, లైసెన్సు మేలా?

అమెరికాలో ఆయుధం వెంట ఉంచుకోవడం రాజ్యాంగ రెండో సవరణ పౌరులకిచ్చిన హక్కు. ఆ హక్కు వ్యక్తిగతమైనదేనని 2008లో హెల్లర్ కేసులో తేల్చిన సుప్రీంకోర్టు, పాఠశాలలు, ప్రభుత్వ భవనాలు వంటి సున్నితమైన చోట్ల ఉన్న నిషేధాలకు తన తీర్పు అడ్డు కాదని కూడా అందులోనే చెప్పింది. 2022లో అదే కోర్టు బ్రూయెన్ కేసు తీర్పులో శాసనసభలను, పోలింగ్ కేంద్రాలను, న్యాయస్థానాలను అలాంటి చోట్లుగా పేరుపేరునా ప్రస్తావించింది. కాబట్టి నిషేధించే అధికారం ప్రభుత్వానికి అసలు ఉందా అన్నదానిపై పెద్ద పేచీ లేదు. ఆ నిషేధాన్ని గుమ్మం దగ్గర ఎలా అమలు చేయాలన్న చోటే చట్టాలు మూడు దారులు పట్టాయి.

మొదటిది బోర్డు దారి. ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) చట్టం దీనినే అనుసరిస్తుంది. ఫెడరల్ ఉద్యోగులు నిత్యం విధులు నిర్వర్తించే భవనంలోకి తెలిసి తుపాకీ తెచ్చినవారికి ఏడాది వరకు, ఫెడరల్ న్యాయస్థానంలోకి తెచ్చినవారికి రెండేళ్ల వరకు, నేరం చేసే ఉద్దేశంతో తెచ్చినవారికి ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. రెండున్నర అంగుళాల కంటే చిన్న అలుగున్న జేబుకత్తికి మాత్రం మినహాయింపు ఉంది. ఈ చట్టంలో నాకు నచ్చిన అంశం నోటీసు నిబంధన: ప్రజలు వచ్చే ప్రతి ద్వారం వద్ద నిషేధాన్ని కనబడేలా ప్రకటించాలి, అలా ప్రకటించని చోట, నిషేధం సంగతి నిందితుడికి నిజంగా తెలుసునని రుజువైతే తప్ప శిక్ష వేయడానికి వీల్లేదు.

బోర్డును చూసి ఆగేది బుద్ధిమంతుడే కదా, దుర్మార్గుడిని అది ఆపుతుందా అని దీనిని ఎద్దేవా చేసేవారున్నారు. అందులో కొంత నిజముంది గానీ, నిషేధమే లేని చోట ఏమవుతుందో 2020 ఏప్రిల్ 30న మిషిగన్ రాష్ట్రంలో కనిపించింది. ఆనాడు లాన్సింగ్‌లోని రాష్ట్ర శాసన భవనంలోకి నిరసనకారులు కొందరు రైఫిళ్లు బాహాటంగా పట్టుకుని వచ్చారు, సందర్శకుల గ్యాలరీ నుంచి సభ్యులను చూస్తూ నిలబడ్డారు. తుపాకీ తెచ్చినంత మాత్రాన వారిది నేరం కాదు గనుక, పోలీసులకు ఆ కారణంతో వారిని బయటికి పంపే అధికారం లేకపోయింది. భవనాన్ని నిర్వహించే కమిషన్ బాహాటంగా ఆయుధం పట్టుకోవడాన్ని 2021 జనవరిలో నిషేధించి, 2023లో ఆ నిషేధాన్ని దాచిపెట్టుకున్న తుపాకులకు కూడా విస్తరించింది. బోర్డు తూటాను ఆపలేకపోయినా, తూటా పేలకముందే కలగజేసుకునే అధికారాన్ని పోలీసుకు ఇస్తుంది.

రెండోది కాన్సాస్ దారి, మూడింటిలో ఆలోచింపజేసేది ఇదే. 2013లో ఆ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ భవనాల్లోకి చేతితుపాకీని దాచుకుని రావడాన్ని నిషేధించదలిస్తే ఉత్త బోర్డు చాలదు. ప్రజలు వచ్చే ద్వారాల వద్ద మెటల్ డిటెక్టర్ వంటి పరికరాలు, వాటిని నడిపే సిబ్బంది ఉండాలి. పౌరుడి ఆయుధాన్ని బయట వదిలి రమ్మన్న ప్రభుత్వం, లోపల మరొకరి చేతిలోనూ ఆయుధం లేకుండా చూసే పూచీ తీసుకోవాలన్నది దీని వెనకున్న వాదన. ఈ వాదనకు నా దగ్గర సూటిగా జవాబు లేదు, అది న్యాయంగానే ఉంది. చిక్కు ఖర్చు దగ్గర వచ్చింది. పలు ద్వారాలున్న విశ్వవిద్యాలయ ప్రాంగణాలు, ఆసుపత్రులు, చిన్న గ్రంథాలయాలు ప్రతి తలుపు దగ్గరా కాపలా పెట్టలేవు. కొన్ని సంస్థలకు ఇచ్చిన నాలుగేళ్ల వెసులుబాటు 2017 జూలై 1న ముగియబోతుండగా, మానసిక చికిత్సాలయాలు, ప్రభుత్వ ఆసుపత్రులు ఆ ఖర్చు లేకుండానే నిషేధం కొనసాగించుకునేలా శాసనసభ చట్టాన్ని సవరించవలసి వచ్చింది. విశ్వవిద్యాలయాలకు మాత్రం ఆ సడలింపు దక్కలేదు. సూత్రం చేసిన సభే దానిని అన్నిచోట్లా నిలబెట్టలేకపోయింది.

మూడోది టెక్సాస్ అనుసరించే లైసెన్సు దారి. అక్కడ లైసెన్సు ఉన్నవారు రాష్ట్ర శాసన భవనంలోకి సైతం చేతితుపాకీతో వెళ్లవచ్చు. న్యాయస్థానాల వంటి కొన్ని చోట్ల మాత్రమే నిషేధం ఉంటుంది. మామూలుగా తుపాకీ తెచ్చినవాడికి శిక్ష పడుతుంది. ఇక్కడ మాత్రం, అధికారం లేని చోట ‘తుపాకులు తేవద్దు’ అని లైసెన్సుదారులకు బోర్డు పెట్టిన ప్రభుత్వ సంస్థకే మొదటి ఉల్లంఘనకు రోజుకు 1,000 నుంచి 1,500 డాలర్ల వరకు, ఆపై ఉల్లంఘనలకు 10,000 నుంచి 10,500 డాలర్ల వరకు జరిమానా పడుతుంది. పూర్వాపరాలు విచారించి ఇచ్చిన లైసెన్సుకు విలువ ఉంది, కాదనను. కానీ ఆ లైసెన్సు మనిషి గతాన్ని చెబుతుందే తప్ప, ఆస్తిపన్ను మీదనో పిల్లల సంరక్షణ మీదనో తగవుతో వచ్చిన మనిషి ఆనాటి మనఃస్థితిని చెప్పదు. ప్రభుత్వ కార్యాలయానికి జనం ఎక్కువగా వచ్చేది అటువంటి పనుల మీదనే.

నా తూకంలో, న్యాయస్థానాలకు, శాసనసభలకు కాన్సాస్ పద్ధతి తగినది: నిషేధం ఉండాలి, దాని వెంట తనిఖీ కూడా ఉండాలి. న్యాయస్థానానికి వచ్చేవారిలో చాలామంది సొంత ఇష్టంతో రారు, సమన్లు అందితే వస్తారు. తనిఖీ ఉంటే చాలునని నేననను. 1998 జూలైలో వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంటు కొలువుండే కాపిటల్ భవనపు తనిఖీ ద్వారం నుంచే ఒక సాయుధుడు చొరబడి ఇద్దరు పోలీసు అధికారులను చంపాడు. అయినా ఆ ద్వారం వల్లనే ముప్పు గుమ్మం దగ్గర బయటపడింది.

చిన్న కార్యాలయాలకు బోర్డే మేలు, అయితే దాని హద్దు గుమ్మం దగ్గరే ఆగాలి. పోస్టల్ శాఖ నిబంధన పార్కింగ్ స్థలాన్ని కూడా నిషేధంలో కలిపేసింది. దానివల్ల ఉత్తరం వేయడానికి వచ్చినవాడు తుపాకీని కారులో తాళం వేసి ఉంచినా తప్పే అవుతుంది, అంటే ఇంటి నుంచి బయలుదేరినప్పుడే దానిని వదిలి రావాలి. కొలరాడోలో ఒక పోస్టాఫీసు విషయంలో పార్కింగ్ నిషేధం చెల్లదని కింది కోర్టు అన్నా, 2015లో పదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. 2024 జనవరిలో ఫ్లోరిడాలోని ఒక ఫెడరల్ న్యాయమూర్తి మాత్రం మరో కేసులో, పోస్టాఫీసు భవనం లోపలి నిషేధాన్నే రాజ్యాంగ విరుద్ధమన్నారు. పార్కింగ్ దాకా పాకిన నిబంధనను సమర్థించడం కష్టం. గుమ్మం లోపలి నిషేధానికి మాత్రం, బోర్డు కనబడేలా ఉన్నంతవరకు, నా మద్దతు ఉంటుంది.