లినక్స్‌లో హెచ్‌డీఎంఐ సీఈసీ: ఏళ్ల తరబడి వాడాక తేలిన సంగతులు

టీవీ రిమోట్‌తోనే కంప్యూటర్‌లోని ప్లేయర్ నడవాలి, కంప్యూటర్ లేవగానే టీవీ లేవాలి, మధ్యలో ఉన్న ఆంప్లిఫయర్ కూడా వాటితోపాటే ఆన్ కావాలి. ఇదంతా హెచ్‌డీఎంఐ కేబుల్లో ఒకే ఒక్క తీగ మీద, 13వ పిన్ మీద, సీఈసీ అనే ప్రోటోకాల్‌తో జరిగిపోతుంది. టీవీ మెనూల్లో ఆ పేరు దొరకదు. ఎనీనెట్ ప్లస్, సింప్‌లింక్, బ్రావియా సింక్, ఈజీలింక్ అని ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. ముందు అది ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి.

లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 4.8లో సీఈసీ స్టేజింగ్‌లోకి, అంటే ఇంకా పూర్తికాని కోడ్ ఉంచే చోటికి, వచ్చింది, 4.10లో అసలు చోటికి చేరింది. ఇన్నేళ్ల వాడకంలో తేలింది ఇదీ: సాఫ్ట్‌వేర్‌ని నిశ్చింతగా నమ్మొచ్చు, ఏడిపించేది హార్డ్‌వేరే. మామూలు పీసీ గ్రాఫిక్స్ కార్డుల హెచ్‌డీఎంఐ సాకెట్లో 13వ పిన్ సాధారణంగా దేనికీ కలిపి ఉండదు. దేవ్ ఫోల్డర్లో సీఈసీ0 అనే పరికరం ఫైలు కనబడకపోతే ఎన్ని ప్యాకేజీలు ఎక్కించినా లాభం లేదు.

దారులు మూడున్నాయి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ అన్నిటికన్నా సులువు. దాని వీడియో డ్రైవర్ వీసీ4కి కెర్నల్ 4.14 నుంచి సీఈసీ ఉంది. రాస్ప్‌బెర్రీ పై 4లో రెండు సాకెట్లు కాబట్టి సీఈసీ0, సీఈసీ1 అని రెండు కనబడతాయి; కేబుల్ ఒక దాంట్లో పెట్టి కమాండ్ రెండోదానికి ఇవ్వడం తరచూ జరిగే పొరపాటు. రెండోది పల్స్-ఎయిట్ యూఎస్‌బీ అడాప్టర్. ఇది సీరియల్ పోర్టులా కనబడుతుంది కాబట్టి ఇన్‌పుట్‌అటాచ్ అనే కమాండ్‌తో కెర్నల్ డ్రైవర్‌కి అప్పగించాలి. మూడోది డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్. కెర్నల్ 4.19 నుంచి డిస్‌ప్లేపోర్ట్‌లోని ఆక్స్ అనే పక్క చానల్ ద్వారా సీఈసీ పంపొచ్చు. కానీ లోపలి చిప్‌కి ఆ సామర్థ్యం ఉన్నా 13వ పిన్‌కి తీగ కలపని అడాప్టర్లు బోలెడు. సీఈసీ పనిచేస్తుందని ఎవరైనా పరీక్షించి చెప్పిన మోడల్ అయితేనే కొనండి.

పరికరం కనబడ్డాక వీ4ఎల్-యూటిల్స్ ప్యాకేజీలోని సీఈసీ-సీటీఎల్ కమాండ్ చాలు. దాన్ని ప్లేబ్యాక్ ఆప్షన్‌తో ఒకసారి నడిపితే కంప్యూటర్ లాజికల్ అడ్రస్ (లైన్ మీద పరికరాన్ని పిలిచే నంబరు) 4 తీసుకుంటుంది, అది ఖాళీగా లేకపోతే 8 లేదా 11. టీవీ ఎప్పుడూ 0, ఆడియో సిస్టమ్ 5. ఫిజికల్ అడ్రస్, అంటే పరికరం ఏ సాకెట్లో ఉందో చెప్పేది, టీవీ తన గురించి ఇచ్చే ఈడీఐడీ సమాచారంలోంచి వస్తుంది: 1.0.0.0 అంటే టీవీ మొదటి సాకెట్, 1.2.0.0 అంటే ఆ సాకెట్లో ఉన్న ఆంప్లిఫయర్ రెండో ఇన్‌పుట్. ఈ అమరిక రీబూట్‌తో పోతుంది, కాబట్టి బూట్ అయినప్పుడల్లా నడిచే సర్వీస్‌గా పెట్టాలి.

టీవీని లేపడానికి 0కి ఇమేజ్-వ్యూ-ఆన్ (లే అనే సందేశం), ఆ వెంటనే అందరికీ యాక్టివ్-సోర్స్ (ఇప్పుడు నన్నే చూపించు అనే సందేశం) పంపాలి. రెండోది పంపకపోతే టీవీ లేచినా పాత ఇన్‌పుట్ మీదే ఉండిపోవచ్చు. యాక్టివ్-సోర్స్ తీగ మీద 4ఎఫ్:82:10:00 (4 నుంచి అందరికీ, సందేశం కోడ్ 82, అడ్రస్ 1.0.0.0) అని వెళ్తుంది. నాలుగు బైట్లు, బైటుకి 10 బిట్లు, బిట్‌కి 2.4 మిల్లీసెకన్లు, పైన స్టార్ట్ బిట్ 4.5, మొత్తం 100 మిల్లీసెకన్ల పైచిలుకు. లైన్ ఇంత నిదానమని తెలియక వరసపెట్టి కమాండ్లు గుప్పించే స్క్రిప్టులే ఎక్కువగా దెబ్బతింటాయి.

అసలు తలనొప్పి టీవీ స్టాండ్‌బైలోకి వెళ్లినప్పుడు. కొన్ని టీవీలు హాట్‌ప్లగ్ సిగ్నల్ (టీవీ కలిపి ఉందని కంప్యూటర్‌కి చెప్పేది) కూడా దించేస్తాయి. ఈడీఐడీ పోతుంది, ఫిజికల్ అడ్రస్ ఎఫ్.ఎఫ్.ఎఫ్.ఎఫ్ అయిపోతుంది, మన లాజికల్ అడ్రస్ కూడా పోతుంది. ఆ స్థితిలోనూ అడ్రస్ లేనివాడిగా, అంటే 15 నుంచి, టీవీకి మాత్రం సందేశం పంపడానికి కెర్నల్ ఒప్పుకుంటుంది. ఇది చాలా ముందుచూపుతో చేసిన ఏర్పాటు. అయితే హాట్‌ప్లగ్ లేకపోతే పనిచేయని హార్డ్‌వేర్ మీద ఇదీ కుదరదు. కాబట్టి స్క్రిప్ట్‌లో ఇమేజ్-వ్యూ-ఆన్ పంపాక సెకనుకోసారి ఫిజికల్ అడ్రస్ చూస్తూ, అది తిరిగొచ్చాకే యాక్టివ్-సోర్స్ పంపండి. గుడ్డిగా 5 సెకన్లు ఆగమని రాస్తే ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు.

స్టాండ్‌బై కమాండ్ 0కే ఇవ్వండి. 15కి ఇస్తే అది బ్రాడ్‌కాస్ట్. ఆంప్లిఫయర్‌తో సహా లైన్ మీద ఉన్నవన్నీ పడుకుంటాయి. ఓకే అని వచ్చినంత మాత్రాన పని జరిగిందనీ అనుకోవద్దు. బైట్లు చేరాయని అవతలి పరికరం ఒప్పుకుంది, అంతే. నిజంగా ఆన్ అయిందో లేదో పవర్ స్టేటస్ అడిగి తెలుసుకోవాలి: 0 అంటే ఆన్, 1 స్టాండ్‌బై, 2 లేస్తోంది, 3 పడుకుంటోంది.

ఏదీ పనిచేయనప్పుడు రూట్‌గా (పూర్తి అధికారాలతో) సీఈసీ-సీటీఎల్‌ని మానిటర్ మోడ్‌లో, అంటే లైన్ మీది సందేశాలు చూపించే మోడ్‌లో, పెట్టి చూడండి. సీఈసీ-సీటీఎల్ విలువ అక్కడే తెలుస్తుంది. నాక్ వస్తే ఆ అడ్రస్‌లో ఎవరూ పలకలేదు. ఆర్బ్ లాస్ట్ అంటే అదే క్షణంలో ఇంకొకరు మాట్లాడారు. లో డ్రైవ్ అంటే అవతలి పరికరానికి బిట్ల టైమింగ్ తప్పుగా కనబడింది. కేబుల్నీ మధ్యలో ఉన్న స్విచ్‌నీ అనుమానించండి. తీగ అందరికీ ఒకటే కాబట్టి పాడైన పరికరం ఒక్కటి లైన్‌ని కిందకు లాగి పట్టుకున్నా మిగతావన్నీ మూగబోతాయి. ఒక్కొక్కటే ఊడదీసి చూడటం తప్ప వేరే మార్గం లేదు. పరికరాన్ని ఆఫ్ చేస్తే చాలదు, కేబులే తీయాలి.

రిమోట్ బటన్లు మామూలు కీబోర్డు కీల్లాగే వస్తాయి, కాబట్టి చాలా ప్లేయర్లకు వేరే అమరిక అక్కర్లేదు. కోడీ అనే ప్లేయర్ మాత్రం లిబ్‌సీఈసీ లైబ్రరీ ద్వారా తనే లైన్ పట్టుకుంటుంది. అది నడుస్తుండగా మీ స్క్రిప్ట్ కూడా అడ్రస్ మార్చబోతే రెండూ కొట్టుకుంటాయి, పగ్గాలు ఎవరో ఒకరికే ఇవ్వండి.

విండోస్‌లో సొంతంగా సీఈసీ లేదు. అక్కడ యూఎస్‌బీ అడాప్టర్, లిబ్‌సీఈసీ కావాల్సిందే. ఆండ్రాయిడ్‌లో 5.0 నుంచి ఉన్నా మామూలు యాప్‌ల చేతికి రాదు. కంప్యూటర్ నిద్రపోయేటప్పుడు టీవీని పడుకోబెట్టాలంటే నిద్రకు ముందూ తర్వాతా నడిచే సిస్టమ్‌డీ స్లీప్ హుక్‌లో ప్రీ దశలో స్టాండ్‌బై, పోస్ట్ దశలో పైన చెప్పిన లేపే స్క్రిప్ట్ పెడితే సరిపోతుంది.