3,800 కిలోమీటర్లు మాత్రమే తిరిగిన మోడిఫైడ్ ఇంటర్‌సెప్టర్ 650: మూడేళ్ళ వాడకం తర్వాత

బండి 2019 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, హైదరాబాద్ రిజిస్ట్రేషన్. 2022లో సెకండ్‌హ్యాండ్‌లో చేతికొచ్చినప్పుడు మీటర్ 3,800. ఇప్పుడు 31,000 దాటింది. కెఫే రేసర్ (ముందుకి వంగి తోలే పాతకాలపు రేసు బండి స్టైలు) పేరుతో పాత ఓనర్ దానికి చేసినవి ఇవి: క్లిప్‌ఆన్ హ్యాండిల్స్ (ఫోర్క్ గొట్టాలకే బిగించే కిందిబారు హ్యాండిల్స్), కౌల్‌తో (వెనక మూపురంలాంటి ప్లాస్టిక్ కవర్‌తో) సింగిల్ సీటు, పొట్టి సైలెన్సర్లు, హ్యాండిల్ చివర బిగించే బార్‌ఎండ్ అద్దాలు, వెనక 150 సైజు టైరు, కోసేసిన మడ్‌గార్డ్, ఎల్ఈడీ ఇండికేటర్లు. ఇలాంటి బళ్ళ ప్రకటనల్లో ఒకటే పాట: "షోరూం కండిషన్, వీకెండ్‌కే వాడాం, మోడిఫికేషన్‌కే లక్ష పెట్టాం." అందులో అబద్ధం లేకపోవచ్చు. లక్ష పెట్టాకే బండి కదలడం మానేసింది, అంతే.

ఎందుకు మానేసిందో నెల రోజులు నడిపితే ఒళ్ళే చెబుతుంది. ఇంటర్‌సెప్టర్‌లో ఫుట్‌పెగ్స్ (కాళ్ళు పెట్టుకునే కడ్డీలు) నిటారుగా కూర్చునేవాళ్ళ కోసం పెట్టినవి. అదే ఇంజన్‌తో వచ్చే కాంటినెంటల్ జీటీకి కంపెనీయే క్లిప్‌ఆన్స్ ఇచ్చింది గానీ, ఫుట్‌పెగ్స్‌ని కూడా వెనక్కి జరిపింది. అప్పుడు తొడలూ నడుమూ కొంత బరువు మోస్తాయి. ఈ బండికి చేతులు దించి, కాళ్ళని ఉన్నచోటే వదిలేశారు. పైబరువంతా మణికట్ల మీద పడుతుంది. మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి చేరేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతాయి. సింగిల్ సీటు కాబట్టి ఇంట్లోవాళ్ళు ఎక్కే మాటే లేదు. వాన పడితే వీపు మీద బురద చార. పొట్టి సైలెన్సర్ల శబ్దంతో తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి బయటికి తీయలేం. ఇక మిగిలేది ఆదివారం టిఫిన్‌కి వెళ్ళిరావడం. నెలకి వంద కిలోమీటర్ల చొప్పున పాత ఓనర్ మూడేళ్ళకి 3,600. మీటర్‌లో ఉన్నది నిజమే అన్నమాట.

క్లిప్‌ఆన్స్‌తో ఇంకో తంటా. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే స్విచ్ హౌసింగ్ ట్యాంకుకి తగిలేది. రెండువైపులా చెరో సొట్ట. కేబుళ్ళు స్టాక్ (కంపెనీ ఇచ్చిన) హ్యాండిల్ పొడవువి కావడంతో క్లచ్ కేబుల్ హెడ్‌లైట్ దగ్గర గట్టిగా వంగి, లివర్ రాయిలా ఉండేది. కొనేముందు ఒక్క పరీక్ష చేయండి: ఇంజన్ ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. ఆర్పీఎం పెరిగిందా, థ్రాటిల్ కేబుల్ లాక్కుంటోంది. యూటర్న్‌లో బండి దానంతటదే దూకుతుంది.

సైలెన్సర్ల సంగతి క్లుప్తంగా. ఒకే వేగంలో వెళ్ళేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ పెట్రోలు పాళ్ళు సర్దుకుంటుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఆ సెన్సర్‌ని పట్టించుకోదు, మిశ్రమంలో గాలి ఎక్కువవుతుంది. థ్రాటిల్ వదిలినప్పుడు వచ్చే టపటపలని చాలామంది ముచ్చటపడి వింటారు గానీ, ఈ బండిలో వాటికి కారణం జాయింట్ లీకు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి క్లాంప్ చుట్టూ సబ్బునీళ్ళు చల్లితే బుడగలొచ్చాయి. స్టాక్ సైలెన్సర్లు కొత్త గాస్కెట్లతో బిగించాక టపటప పోయింది.

టైరు లెక్క కాగితం మీద వేసి చూడండి. స్టాక్ 130/70-18 (వెడల్పు 130 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 18 అంగుళాలు) వ్యాసం సుమారు 639 మిల్లీమీటర్లు, 150/70-18ది 667. అంటే నాలుగు శాతం పైగా పెద్దది. గేరింగ్ ఆ మేరకు బరువెక్కి, రెండో గేరులో నెమ్మదిగా పోవడం ఇబ్బందయ్యేది. 130 కోసం చేసిన రిమ్ మీద 150 ఎక్కిస్తే టైరు మధ్యలో ఉబ్బుతుంది, మలుపులో బండి మొదట మొండికేసి తర్వాత ఒక్కసారిగా ఒరుగుతుంది. చైన్ వైపు టైరు పక్క గోడ మీద మెరిసే రాపిడి గీత కూడా ఉంది. 130కి తిరిగొచ్చాక అదే బండి అని నమ్మబుద్ధి కాలేదు.

అసలు నరకం వైరింగ్. సీటు ఎత్తితే నల్ల ఇన్సులేషన్ టేపు ముద్ద ఒకటి. హైదరాబాద్ ఎండకి జిగురు కరిగి చేతికంటుతుంది. విప్పితే లోపల వైర్లు మెలిపెట్టి కట్టినవే. సోల్డర్ లేదు, క్రింప్ లేదు. రాగి మీద పచ్చగా చిలుము. మడ్‌గార్డ్ కోసేయడంతో వాననీళ్ళు నేరుగా అక్కడికే కొట్టేవి. పైగా ఎల్ఈడీలు తక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి, ఫ్లాషర్ (ఇండికేటర్లని ఆర్పి వెలిగించే రిలే) బల్బు పోయిందనుకుని గబగబా కొట్టకుండా రెసిస్టర్లు పెట్టారు. 10 ఓం రెసిస్టర్ 12 వోల్టుల మీద వెలిగినంతసేపూ 14 వాట్ల వేడి కక్కుతుంది. దాన్ని ప్లాస్టిక్ కౌల్‌కి అతికిస్తే ఏమవుతుంది? కౌల్ లోపల రూపాయి బిళ్ళంత కరిగింది. మందు సులువే: రెసిస్టర్లు పీకేసి ఎల్ఈడీలకి తగిన ఫ్లాషర్ పెట్టాలి. వైర్లని చిలుము లేని రాగి కనబడేదాకా కోసి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ ట్యూబ్ వేయాలి. తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని.

బ్యాటరీ వారానికోసారి పడుకోవడానికి కారణం కూడా ఆ ముద్దలోనే ఉంది: ఎవరూ వాడని జీపీఎస్ ట్రాకర్. తాళంచెవి తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, మల్టీమీటర్ 10 ఆంపియర్ల రేంజిలో సిరీస్‌లో పెడితే 50 మిల్లీఆంపియర్లు చూపించింది. 12 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఆ లెక్కన పది రోజుల్లో పూర్తిగా ఖాళీ; స్టార్టర్ తిప్పలేని స్థితికి అంతకన్నా ముందే వస్తుంది. అమ్మేవాళ్ళు "బ్యాటరీ కొత్తదే వేయించాం" అంటే సంతోషించకండి, ఎన్నోది అని అడగండి.

నిలబెట్టిన బండికి తిరిగిన బండికన్నా వేరే జబ్బులు. టైరు మీది నాలుగంకెల కోడ్ 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల లేకపోయినా రబ్బరు గట్టిపడిపోయింది. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి, ఇందులో టీ డికాక్షన్ రంగులో ఉంది. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేసే పొట్టి ప్రయాణాలకి ఆయిల్ మూత లోపల మజ్జిగ రంగు జిగురు పేరుకుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమని పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకులోకి టార్చి వేసి తుప్పు చూడాలి. ఇందులో అదృష్టం కొద్దీ లేదు.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దానికి సెక్షన్ 190(2) కింద 10,000 దాకా వేరే. చెప్పకుండా చేసిన మార్పులుంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ తప్పదు. 2019లో కొన్న బండికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2024తో ముగిసింది, అది కూడా చూసుకోండి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనర్‌దే, బండితో రాదు. ఓనర్ పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే దాన్ని తొలగించే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు.

ధర మాట్లాడేటప్పుడు మోడిఫికేషన్‌కి పైసా ఎక్కువ ఇవ్వొద్దు. నిజానికి విలువ ఉన్నది అమ్మేవాళ్ళ అటక మీద: స్టాక్ సైలెన్సర్లు, హ్యాండిల్, సీటు, మడ్‌గార్డ్, ఇండికేటర్లు. అవన్నీ ఇస్తే బండి తీసుకోవచ్చు. లేవంటే పుత్లీబౌలి, రాణిగంజ్ లాంటి పార్టుల బజార్లు తిరిగి ఒక్కొక్కటీ ఏరుకోవాలి. ఆ ఖర్చంతా ధరలోంచి కోయాలి. ఫ్రేమ్ వెనక భాగం కోసి వెల్డ్ చేసిన బండైతే పార్టులున్నా వద్దు. స్టాక్ సీటు ఇక కూర్చోదు.

గమనించారో లేదో, మంచి ఫోర్క్ స్ప్రింగులు, మెత్తటి టూరింగ్ సీటు, ఇంజన్ కింద బాష్ ప్లేటు (రాళ్ళు తగలకుండా కాపాడే రేకు) లాంటివి 3,800 కిలోమీటర్ల బండికి దాదాపు కనబడవు. 40,000 తిరిగినవాటికే ఉంటాయి. రెండూ పక్కపక్కనే అమ్మకానికుంటే, సర్వీసు రికార్డు సరిగ్గా ఉన్న పక్షంలో నేను రెండోదే తీసుకుంటాను.

ఈ బండిలో ఇప్పుడు మిగిలిన మార్పు బార్‌ఎండ్ అద్దాలొక్కటే. వాటిలో వెనక బాగా కనబడుతుంది, సందుల్లో మాత్రం అవి ఆటోలకి తగులుతాయి. స్టాక్ టైరుతో హైవే మీద లీటరుకి 25 కిలోమీటర్ల పైన ఇస్తోంది. ట్యాంకు సొట్టలు తీయించలేదు. పెయింట్ వేయిస్తే పక్క ప్యానెళ్ళ రంగుతో కలవదట.